42 శాతమా, 1 శాతమా? కోవిడ్‌లో కూల్‌డ్రింక్ కంపెనీల లెక్కలు షీట్‌లో ఇలా చూడండి

నమస్తే అండీ. కోవిడ్ దెబ్బ కూల్‌డ్రింక్ కంపెనీలకు ఎంత తగిలిందో ఈరోజు షీట్‌లో వేసి చూద్దాం. కొత్త షీట్ తెరిచాను. బీ, సీ, డీ కాలమ్‌లలో 2019, 2020, 2021. కింద మొత్తం ఆదాయం, బిలియన్ డాలర్లలో. రెండో వరసలో కోకా-కోలా: 37.3, 33, 38.7. మూడో వరసలో పెప్సికో: 67.2, 70.4, 79.5. అంతే, టైపింగ్ అయిపోయింది.

2020 దగ్గర చూడండి. కోక్ 11 శాతం పైనే పడింది. పెప్సికో దాదాపు 5 శాతం పెరిగింది! అలాగని కూల్‌డ్రింకులకు ఏమీ కాలేదనుకోకండి. పెప్సికో ఆదాయంలో సగానికి పైగా చిప్స్, ఓట్స్ లాంటి తిండి వస్తువులదే. ఇంట్లో ఉన్నవాళ్లు అవి కొంటూనే ఉన్నారు. కోక్‌కేమో ఆదాయంలో దాదాపు సగం జనం ఇంటి బయట తాగేదాని మీదే. రెస్టారెంట్లు, సినిమా హాళ్లు, స్టేడియాలు మూతపడేసరికి ఆ సగం మీద దెబ్బ పడింది.

ఇప్పుడు నాలుగో వరస. కోక్ రెండో క్వార్టర్ మాత్రమే, అంటే ఏప్రిల్ నుంచి జూన్, 2020లో లాక్‌డౌన్లు గట్టిగా ఉన్న నెలలు. 10, 7.15, 10.13. సీ6లోకి రండి. ఈక్వల్ టు, బ్రాకెట్‌లో సీ4 మైనస్ బీ4, బ్రాకెట్ క్లోజ్, బై బీ4. ఎంటర్. శాతం కోసం మెనూలోకి వెళ్లక్కర్లేదు, కంట్రోల్ షిఫ్ట్ 5 కొట్టండి. నేనైతే మౌస్ ముట్టుకోను. 28 శాతం పైనే తగ్గుదల, కనిపిస్తోంది కదా.

దీన్ని పక్కకు లాగితే 42 శాతం పెరుగుదల వస్తుంది. ఇక్కడ ఆగండి. ఇక్కడ కాస్త ఆగాల్సిందే. ఫార్ములా తప్పు కాదు. 2021లో వార్తల్లో వచ్చింది కూడా ఈ 42 శాతమే. కానీ డీ6 మీద క్లిక్ చేసి చూడండి, పోలిక దేనితో? సీ4తో, అంటే బాగా పడిపోయిన 2020తో. మనకు కావాల్సింది కోవిడ్‌కు ముందు సంగతి. కాబట్టి మళ్లీ సీ6లోకి వచ్చి, బీ4 మీద కర్సర్ పెట్టి ఎఫ్4 మూడుసార్లు నొక్కండి. బీ ముందు మాత్రమే డాలర్ గుర్తు రావాలి, అప్పుడు పక్కకు లాగినా పోలిక బీ కాలమ్‌తోనే ఉంటుంది. రెండో బీ4కి కూడా అంతే, అది మర్చిపోతే లెక్క మళ్లీ తేడా కొడుతుంది. ఇప్పుడు లాగండి. 1 శాతం! రెండేళ్లలో నికరంగా పెరిగింది అంతే. కోవిడ్ ఏడాది అంకె ఏది చూసినా ముందు 2019తో పోల్చండి. నాకు ఇదే ముఖ్యం.

ఈ షీట్‌లో దొరకనిది ఒకటి ఉంది. జనం బయట తాగడం మానేసి ఇంటికి క్యాన్లు కొన్నారు. రెస్టారెంట్ మెషిన్‌లో సిరప్, గ్యాస్ అక్కడికక్కడే కలుస్తాయి, క్యాన్ అక్కర్లేదు. ఇంటికైతే క్యాన్ కావాలి. అలా 2020లో అమెరికాలో అల్యూమినియం క్యాన్లకు కొరత వచ్చింది. బండ్లు తిరగక పెట్రోల్ వాడకం తగ్గింది, అందులో కలిపే ఇథనాల్ తయారీ తగ్గింది, దాంతోపాటు వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గింది. డ్రింకులో బుడగలకు వాడేది అదే మరి. అదే ఏడాది కోక్ తన 400 బ్రాండ్లను 200కు తగ్గిస్తానంది. 1963లో మొదలైన ట్యాబ్ అనే డైట్ డ్రింక్ కూడా అప్పుడే ఆగిపోయింది.

పెప్సికో వరసకు కూడా ఇదే ఫార్ములా ఆరో వరస నుంచి ఒక్క గడి పైకి, ఐదో వరసలోకి లాగి చూడండి, 2021 ఎంత వచ్చిందో కామెంట్‌లో పెట్టండి.