సిమెంటు పచ్చబడితే సముద్రం కలిపేసుకున్నట్టేనా?

[తెర మీద: పెరట్లో సిమెంటు గోలెం, పక్కన పాత రాతి బావి]

అందరికీ నమస్తే. మొన్న వైజాగ్ వెళ్లొచ్చిన మా బాబాయి ఫోన్లో ఒక ఫొటో చూపించాడు. అలల్ని ఆపడానికి ఒడ్డున వేసిన పెద్ద పెద్ద సిమెంటు దిమ్మెలు, వాటి నిండా పచ్చటి పాకుడు. "సిమెంటు వేస్తే సముద్రం పాడైతదంటరు. చూడు, ఎట్ల కలిపేసుకుందో!" అన్నాడు. ఈ మాట చాలామంది నోట విన్నాను, విన్న ప్రతిసారీ గుచ్చుకుంటుంది. నల్లగొండ జిల్లాలో కూర్చుని సముద్రం గొడవ మనకెందుకు అనకండి. దీనికి జవాబు ఈ పెరట్లోనే ఉంది.

గోలెం లోపల వేలితో రాయండి, జారుతుంది. పాకుడు. కొబ్బరి పీచుతో ఎంత తోమినా నాలుగు రోజుల్లో మళ్లీ పడుతుంది. అంతకుమించి అందులో పెద్దగా ఏమీ ఉండదు. ఇప్పుడు బావిలోకి వంగి చూడండి. రాళ్ల సందుల్లో కప్పలు, నత్తలు, నీటి అంచున ఒక ఎండ్రకాయ, పైన రావి మొలక, దాని పక్కనే పిట్టగూడు. గోలెంలో పోసేది ఈ బావి నీళ్లే. నీళ్లు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? గోడలో ఉంది.

సముద్రంలోనూ ఇంతే. కొత్త సిమెంటు నీళ్లలో దిగిన కొన్ని గంటల్లోనే బ్యాక్టీరియా పల్చటి జిగట పొర కడుతుంది. ఆ తర్వాత కంటికి కనిపించని నాచు, దాని వెనక పెద్ద నాచు. కొత్త గోలెంలో మొదటి నీళ్లు పారబోస్తాం గుర్తుందా? సిమెంటులో సున్నపు ఘాటు ఉంటుంది కాబట్టి. ఆ ఘాటును కొలిచే పీహెచ్ లెక్కలో కొత్త సిమెంటు 12 పైనే, సముద్రపు నీరు 8 దగ్గర. అలలు కడిగి కడిగి ఆ ఘాటు తగ్గితే గానీ సున్నితమైన జీవులు దగ్గరికి రావు.

అప్పుడు వచ్చేవాళ్లలో నాకు బాగా ఇష్టమైనది బార్నకిల్. రాళ్లకు, పడవల అడుగుకు సున్నపు గుండీల్లా అంటుకుని ఉంటాయే, అవి. దాని పిల్ల నీళ్లలో తేలుతూ పెరుగుతుంది. చివరి దశకు వచ్చాక తిండి మానేసి, తల ముందున్న మీసాల్లాంటి వాటితో గోడ మీద నడుస్తూ చోటు వెతుకుతుంది. ఇక్కడ ఆగి తడుముతుంది, అక్కడికి పోతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది. తనవాళ్లు అక్కడ ఉన్న ఆనవాలు తగిలితే పక్కనే స్థిరపడుతుంది. జిగురు వదిలి తలను గోడకు అంటించుకుని, చుట్టూ పెంకు కట్టుకుంటుంది. ఇక బతికినన్నాళ్లూ కాళ్లతో నీళ్లను దువ్వి తిండి లోపలికి తోసుకోవడమే. చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 దాకా 8 ఏళ్లు వీటి మీదే కూర్చున్నారు. ఆ పిల్ల నడక ఒక్కసారి చూస్తే ఎందుకో మీకే అర్థమవుతుంది.

అంత వెతుక్కునే జీవికి మనం గోలెం గోడ ఇస్తున్నాం! సహజమైన రాతి ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది, పగుళ్లు ఉంటాయి. ఆటు వేళ నీళ్లు వెనక్కి పోయినా గుంటల్లో కొన్ని మిగులుతాయి. నిట్టనిలువు గోడకు ఇవేవీ లేవు. నీళ్లు తగ్గగానే ఎండకు మాడాల్సిందే. దిమ్మెల మధ్య పెద్ద సందులున్నాయి కదా అంటారు. నిజమే, చేపలకు అవి పనికొస్తాయి. కానీ మన బావి రాళ్ల మధ్య ఉన్నలాంటి వేలెడు సందులు వాటికి ఉండవు.

ఖాళీగా ఉన్న గోడ కొత్తవాళ్లకు దారి. మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన ఒక చిన్న చారల ఆల్చిప్ప 1960ల్లో విశాఖ రేవులో కనిపించింది. ఇప్పటికీ మన దగ్గర ఉంది. మన చెరువుల్లో గుర్రపుడెక్క ఎలాగో, రేవుల్లో ఇది అలాగ. ఇదే ఆల్చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరం రేవులో కనిపిస్తే, క్లోరిన్, మైలుతుత్తం పోసి మొత్తం తుడిచిపెట్టారు.

టైం అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. వచ్చినవాళ్లు గోడనే మార్చేస్తారు. 1730ల్లో నెదర్లాండ్స్‌లో సముద్రపు కట్టలకు వేసిన దుంగల్ని ఓడపురుగు తొలిచేసింది. పేరుకే పురుగు, నిజానికి అదీ ఆల్చిప్ప జాతే. దాని దెబ్బకు దుంగలు వదిలేసి, బయటి దేశాల నుంచి రాళ్లు తెప్పించి కట్టల్ని మార్చుకున్నారు. తమిళనాడులోని కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రంలో సముద్రపు నీరు తెచ్చే సొరంగం గోడలకు పచ్చ ఆల్చిప్పలు పేరుకుపోయాయి. మంచీ ఉంది: ఒత్తుగా పట్టిన ఆయిస్టర్లనే మరో రకం ఆల్చిప్పల పొర ఉప్పునీరు సిమెంటులోకి దిగకుండా కొంత అడ్డుకుంటుంది.

సిడ్నీలో అయితే సముద్రపు గోడలకు పూలకుండీల్లాంటివి తగిలించి చూశారు. ఆటు వేళ వాటిలో నీళ్లు నిలుస్తాయి. 2018 నుంచి గాడులు, గుంతలు ఉన్న పలకలు బిగిస్తున్నారు. గోలెం గోడకు బావి సందులు పెడుతున్నారన్నమాట.

బాబాయ్, ఈసారి వైజాగ్ వెళ్తే ఆటు వేళ చూడు. అలలకు దూరంగా, జాగ్రత్తగా నిలబడి ఆ పచ్చటి దిమ్మె ఒక ఫొటో, పక్కనున్న పాత బండ పగులు ఒక ఫొటో తియ్యి. రెండూ నాకు పంపు. వచ్చే వీడియోలో పక్కపక్కన పెట్టి, ఎందులో ఎవరెవరున్నారో లెక్కపెడదాం.