నత్తల లెక్కలో వానాకాలం

అందరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్నవాళ్లు ఈ గాజు గ్లాసు చూడండి. నిన్న సాయంత్రం ఊరి బయట గెడ్డలో ఏరుకొచ్చిన నత్త ఇది. పేరు ఇండోప్లానార్బిస్, చక్రంలా చుట్టుకుని ఉంటుంది. రాత్రంతా దీన్నొక్కదాన్నే మంచినీళ్లలో ఉంచి, పొద్దున్న కిటికీ దగ్గర వెలుతురులో పెట్టాను. వెనక నల్ల కాగితం పెడితే నీళ్లలో తెల్లటి నలుసులు తోకలాడిస్తూ పైకీ కిందకీ తిరగడం కనిపిస్తుంది. అది దుమ్ము కాదు. సెర్కేరియాలు, అంటే ట్రెమటోడ్ పురుగుల డింభకాలు.

పెద్ద పురుగు పశువు ఒంట్లోనో, పక్షి పేగులోనో ఉంటుంది. పేడతోనో రెట్టతోనో గుడ్లు నీళ్లలో పడతాయి. వాటిలోంచి వచ్చే మిరాసిడియం అనే మొదటి డింభకం దాదాపు ఒక్కరోజులో తనకు సరిపడే నత్తను పట్టుకోవాలి, లేదంటే చస్తుంది. దొరికిందా, ఆ ఒక్కటే నత్తలో వందల సెర్కేరియాలవుతుంది. గొర్రెల కార్జపు జలగ (కాలేయంలో ఉండే ట్రెమటోడ్ పురుగు) విషయంలో ఈ కథను 1880లలో జర్మనీలో ల్యూకార్ట్, ఇంగ్లండ్‌లో థామస్ ఎవరికి వారే తేల్చారు.

ఇక రుతువుల సంగతి. వంద నత్తల్ని చూస్తే ఎన్నింటిలో పురుగుంది, ఇదే మా శాతం. నేను బోల్తా పడ్డది ఇక్కడే. మొదటి ఏడాది జూలైలో శాతం పడిపోయేసరికి, 'వానకి పురుగు కొట్టుకుపోయింది' అని నోట్‌బుక్‌లో రాసేశాను. మా గురువుగారు ఏమీ అనలేదు. జల్లెడలో నత్తల్ని స్కేలు పక్కన పేర్పించారు. సగానికి సగం కందిగింజంత పిల్లలు! పుట్టి నాలుగు రోజులైనా కాని పిల్లకి పురుగు ఎప్పుడు పట్టాలి? లవం తగ్గలేదు, హారం పెరిగింది. పురుగున్న ముసలి నత్తలు అడుగున అలాగే ఉన్నాయి.

ఇంకో తిరకాసు. పురుగు పట్టిన నత్త సెర్కేరియాలు వదలడానికి వారాలు పడుతుంది. గ్లాసులో ఏమీ రాలేదంటే నత్త శుభ్రమని కాదు, గుల్ల పగలగొట్టి చూడాల్సిందే.

మనకి వానలు జూన్‌తో మొదలై నవంబరు దాకా సాగుతాయి. అక్టోబరు సంగతి 2014లో హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. నీరు తీసిన గట్ల మీద పచ్చగడ్డి లేస్తుంది. లిమ్నియా నత్తలోంచి వచ్చిన కార్జపు జలగ సెర్కేరియాలు ఆ గడ్డికే అంటుకుని గూడు కట్టుకుంటాయి, పశువు దాన్ని మేస్తుంది. జబ్బు బయటపడేది నెలల తర్వాత. అప్పుడు నత్తల కోసం వెళ్తే ఆలస్యమైనట్టే. ఎండాకాలంలో నీరు ఇంకిపోయి, నత్తలూ పశువులూ ఒకే మడుగులో చేరతాయి. అప్పటి శాతాన్ని పట్టుకుని వానాకాలంతో పోల్చేటప్పుడు నత్తల సైజు రాయకపోతే ఆ పట్టిక నాకు చూపించకండి.

మన ఆంధ్ర విశ్వవిద్యాలయం వాళ్లు విశాఖలోనే ఓ వాగులో, కొనదేలిన థియారా నత్తల్లోని ట్రెమటోడ్ డింభకాల మీద చేసిన పని 1997లో కరెంట్ సైన్స్‌లో వచ్చింది. చదవండి.

ఇప్పుడు లెన్స్ పట్టుకుని ఒక్కొక్కరే రండి. తోక చివర రెండుగా చీలినవి కనిపిస్తే చెప్పండి. గ్లాసులో మాత్రం వేలు పెట్టొద్దు. ఆ చీలుతోకల్లో చర్మంలోకి దూరేవి ఉంటాయి. నేనొకసారి మోకాలు లోతు మడుగులో నిలబడి, వారం రోజులు కాళ్లు గోక్కున్నాను.