160 ఎకరాల పట్టా ఇచ్చిన నేల మీద నడక | బియాట్రిస్, నెబ్రాస్కా రివ్యూ

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, నా కాళ్ళకున్న ఈ బూట్లు ఒక కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపించారు. వీటితో ఎక్కడ నడిచానో చెబుతాను. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, లింకన్ నగరానికి దక్షిణంగా 40 మైళ్ళు, బియాట్రిస్ ఊరి పక్కన హోమ్‌స్టెడ్ నేషనల్ హిస్టారికల్ పార్క్. టికెట్ లేదు, దారి దాదాపు చదును. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ కూడా హాయిగా నడిచింది.

మొదట పామర్ అనే రైతు కుటుంబం దుంగల ఇల్లు. 1867లో కట్టింది, తర్వాత తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. 14 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు, అంతే! అందులోనే వంట, పడక, పిల్లలు. దుంగల మీద గొడ్డలి గాట్లు ఇంకా కనిపిస్తున్నాయి.

1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, కొత్తగా స్థిరపడేవాళ్ళకి అమెరికా ప్రభుత్వం 160 ఎకరాలు ఇచ్చేది. ఐదేళ్ళు అక్కడే కాపురముండి సాగు చేస్తే పట్టా. ఫీజులన్నీ కలిపి 18 డాలర్లు. చట్టం అమల్లోకి వచ్చిన మొదటి రోజే, అంటే 1863 జనవరి 1న, దరఖాస్తు పెట్టిన డేనియల్ ఫ్రీమన్ పొలమే ఇది. "నూట అరవయ్యా?" అని అమ్మ రెండుసార్లు అడిగింది. మా తాత మూడెకరాల పట్టా కోసం ఏళ్ళ తరబడి ఆఫీసు చుట్టూ తిరిగారు మరి. కానీ ఇది ఎవరూ లేని భూమి కాదండీ. ఓటో-మిసోరియా అనే ఆదివాసీ జనం ఉండే ప్రాంతం. 1854 ఒప్పందంతో వాళ్ళు దీన్ని వదులుకోవాల్సి వచ్చింది, 1881లో ఇప్పటి ఓక్లహోమాకి తరలిపోయారు. ఆ మాట మనసులో పెట్టుకునే నడవాలి.

ఇక గడ్డి. నేను ఈ వీడియో చేసిందే దాని కోసం. సుమారు 100 ఎకరాల ప్రెయరీ, అంటే పొడవాటి గడ్డి మైదానం, 1939 నుంచి మళ్ళీ పెంచుకుంటూ వస్తున్నారు. సెప్టెంబర్‌లో బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి నా తల దాటిపోయింది. ఒక కంకి దగ్గరగా చూపిస్తాను, చూడండి. మూడు పాయలుగా చీలి, అచ్చం కోడికాలులా ఉంది కదా! గాలికి వంగి లేస్తుంటే వరి చేను గుర్తొస్తుంది, కాకపోతే వరిలో మనిషి మునిగిపోడు. దీని వేళ్ళు మన ఎత్తు కంటే లోతుకు పోతాయి. అందుకే అప్పుడప్పుడు కావాలనే నిప్పు పెడతారు. మధ్యలో మొలిచిన చెట్ల మొక్కలు మాడిపోతాయి, గడ్డి మాత్రం వేరు నుంచి మళ్ళీ లేస్తుంది. కొలరాడోలో ఇంతకన్నా పెద్ద పెద్ద దృశ్యాలు చూశాను గానీ, ఇంతసేపు ఎక్కడా నిలబడలేదు.

పొలం గట్టున ఒసేజ్ ఆరెంజ్ చెట్ల వరస కూడా వదలొద్దు. ముళ్ళ తీగ రాకముందు ఇక్కడి రైతులకు ఇవే కంచె. మనకి నాగజెముడు ఎలాగో, వీళ్ళకి ఇది అలాగ. కాయ బత్తాయి కంటే పెద్దది, ఆకుపచ్చగా, గడ్డలు గడ్డలుగా ఉంటుంది. అమ్మ ముళ్ళు చూడగానే "ఇది కంచె చెట్టేరా" అనేసింది. బోర్డు నేను తర్వాత చదివాను.

కబ్ క్రీక్ వాగు ఒడ్డున నీడ బాగుంది, బురదా ఉంది. పోయినేడు కొన్న వేరే జత అయితే ఇలాంటి చోట పది నిమిషాల్లో సాక్సుతో సహా తడిసి, మడమ బొబ్బలెక్కింది. ఇవి లోపల పొడిగానే ఉన్నాయి. లేసులు మాత్రం నాలుగుసార్లు ఊడాయి, అదొక చికాకు. బూట్లకి పదికి ఏడు.

నడకకి మాత్రం పదికి పది ఇస్తాను. ఒక్క టెన్షన్ పిడుదులు. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోండి, కారెక్కే ముందు మెడ వెనకా, మోకాలి వెనకా చూసుకోండి. చాలామంది మ్యూజియం చూసి వెనక్కి తిరిగిపోతున్నారు. మీరు మాత్రం గడ్డిలోకి దిగండి. పొద్దున్నే వెళ్తే కంకుల మీద మంచు ఇంకా ఆరి ఉండదు.