రబ్బరుకూ వయసుంటుంది

వేదిక మీది పెద్దలకు, డ్రైవర్ సోదరులకు, కారు ఓనర్లకు నమస్కారం. రోడ్డు భద్రతా మాసోత్సవం కదా, హెల్మెట్, సీటు బెల్టు గురించి ఇందాకే చెప్పేశారు. నన్ను కారు మెయింటెనెన్స్ గురించి మాట్లాడమన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లుగా షెడ్డు నడుపుతున్నాను, చూసిందే చెబుతాను.

జనం బండిని సరిగా చూసుకోకపోవడానికి కారణం డబ్బే అంటారు. నేను ఒప్పుకోను. సీటు కవర్లకు పదివేలు పెట్టినాయనే బ్రేక్ ఆయిల్ మార్చమంటే "వచ్చే నెల చూద్దాంలే" అంటాడు. అది కంటికి కనబడదు కాబట్టి. కానీ బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. అందుకే చాలా కార్లకు రెండేళ్లకోసారి మార్చమంటారు. మార్చకపోతే శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల వేడికి ఆ తేమ ఆవిరవుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది.

ఇంకా నాలుగైదు విషయాలు రాసుకొచ్చాను గానీ, ఒక్కటి చెప్పకుండా ఉండలేను. పోయిన మే నెలలో ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. మనవరాలి పెళ్లికి హైదరాబాద్ వెళ్లాలి, కార్లోనే. తిరిగింది 18 వేల కిలోమీటర్లే. "టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి కదా అబ్బాయీ" అన్నారు. నిజమే, గీతలు లోతుగానే ఉన్నాయి. టైరు పక్కభాగాన్ని బొటనవేలితో నొక్కి చూపించాను. ఎండిన చెరువులా సన్నటి పగుళ్లు. అక్కడే ఉన్న అంకెలు ఆయన చేతే చదివించాను: 2317. అంటే 2017లో 23వ వారంలో తయారైన టైరు. మే ఎండలో, హైవే స్పీడులో, అంత పాత రబ్బరు!

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి చెప్పారు. ఒకచోట సామాను మార్చకుండానే మార్చినట్టు బిల్లు వేశారట. అప్పట్నుంచి ఏ మెకానిక్ మాటా నమ్మబుద్ధి కాలేదట.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. వారంటీ అయిపోగానే చాలామంది సర్వీసింగ్ మానేసేది మా మీద నమ్మకం లేకే. మెకానిక్ తమ్ముళ్లూ, తీసిన పాత సామాను ఓనరు చేతిలో పెట్టండి. ఓనర్లూ, మొహమాటపడకండి, అడిగి తీసుకోండి. అడిగితే కోప్పడే షెడ్డుకు మళ్లీ వెళ్లకండి.

మీ బండ్లన్నీ బయటే ఉన్నాయి. నా దగ్గర టార్చి ఉంది. మీటింగ్ అవగానే రండి, ఒక్కో టైరు మీద ఆ నాలుగు అంకెలూ చదువుదాం.