అల్యూమినియంలో 160 మిల్లీమీటర్ల లోతు బెజ్జం: వంకర ఎక్కడ మొదలవుతుంది?

నమస్కారం. తెర మీద కనిపిస్తున్న ఈ అల్యూమినియం దిమ్మె మన బజారులో హెచ్‌ఈ 30 అని అమ్మే రకం. కేటలాగుల్లో 6082 అని రాసేది దాదాపు ఇదే. ఎత్తు 160 మిల్లీమీటర్లు. పై నుంచి కింద దాకా 8 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి, అది తిన్నగా దిగాలి. అంటే లోతు వ్యాసానికి 20 రెట్లు. మామూలుగా 5 రెట్లు దాటితేనే లోతు బెజ్జం కింద లెక్కేస్తారు. మెషీన్ కూడా కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ కాదు. బాలానగర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో ఏ చిన్న షెడ్డులోకి తొంగి చూసినా కనిపించే మామూలు టరెట్ మిల్లింగ్ మెషీన్.

బెజ్జం వంకర పోయిందంటే చాలామంది పొడవు బిట్టును తిడతారు. నన్నడిగితే దాని పాపం తక్కువే. దారి మొదటి 25 మిల్లీమీటర్లలోనే ఖరారైపోతుంది. ఆ తర్వాత పొడవు బిట్టు ఆ దారినే పట్టుకుని పోతుంది, మంచిదైనా చెడ్డదైనా.

ముందుగా ఒక అలవాటు గురించి చెప్పాలి. 8 మిల్లీమీటర్ల బెజ్జం కావాలంటే 4 మిల్లీమీటర్ల బిట్టుతో చివరి దాకా వేసి, తర్వాత పెద్దది చేద్దామనుకుంటారు. లోతు తక్కువైతే ఫరవాలేదు. ఇక్కడ మాత్రం కొంప ముంచేది అదే. బిట్టు వ్యాసం సగమైతే వంగడం 16 రెట్లు పెరుగుతుంది. సన్నబిట్టు లోపల ఎటు పోయిందో మనకు కనబడదు. వెనక వచ్చే 8 మిల్లీమీటర్ల బిట్టు బుద్ధిగా ఆ వంకరనే అనుసరిస్తుంది. పొడవు సంగతీ ఇలాంటిదే. బయటికి 40 మిల్లీమీటర్లు ఉన్న బిట్టుతో పోలిస్తే, 180 మిల్లీమీటర్లు ఉన్న అదే వ్యాసం బిట్టు, అంతే బలానికి సుమారు 90 రెట్లు ఎక్కువ వంగుతుంది. అందుకే మొదలు పెట్టేది పొట్టి బిట్టుతో, అదీ అసలు సైజుతోనే.

ఇదిగో నా చేతిలో ఉన్నది స్టబ్ బిట్టు, అంటే పొట్టి బిట్టు. 8 మిల్లీమీటర్ల సైజులో దీని ఒంటి మీద మెలికలు తిరిగే గాడి పొడవు 37 మిల్లీమీటర్లే. మొన 135 డిగ్రీలు, స్ప్లిట్ పాయింట్, అంటే మొదట్లో పక్కకు జారకుండా కొనను ప్రత్యేకంగా పదును పెట్టిన రకం. దీన్ని డ్రిల్లు చక్కులో కాకుండా, చుట్టూ సమంగా బిగించే చీలికల గొట్టం లాంటి కొల్లెట్‌లో పట్టాను, పాతబడిన చక్కులో బిట్టు ఊగుతుంది కాబట్టి. మొన దగ్గరగా చూడండి. రెండు కోత అంచులూ ఒకే పొడవు ఉండాలి. ఒకటి పొడుగైతే బెజ్జం సైజు పెరుగుతుంది, బిట్టు ఒక పక్కకు లాగుతుంది. చేత్తో పదును పెట్టిన బిట్టును ఇలాంటి పనికి వాడను. పదును పెట్టేవాడు ఎంత నేర్పరి అయినా సరే.

బెజ్జం మొదలుకు చిన్న గుంట తీసే సెంటర్ డ్రిల్ వాడలేదేమని అడుగుతారు. అది తీసే శంకువు 60 డిగ్రీలది. అందులోకి 118 డిగ్రీల బిట్టు దిగితే మొన గాల్లో ఉండగానే అంచుల మూలలు ముందు తగులుతాయి, బిట్టు దడదడలాడుతుంది. అదే పనికి వచ్చే స్పాట్ డ్రిల్ వాడాలనుకుంటే దాని కోణం బిట్టు కోణంతో సమానంగానో కాస్త ఎక్కువగానో ఉండాలి. ఈ స్టబ్ బిట్టుకు అదీ అక్కర్లేదు.

ఇప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోని చోటుకు వద్దాం. ఈ తరహా మెషీన్లలో క్విల్, అంటే బిట్టును పట్టుకుని కిందికి దిగే గొట్టం, సాధారణంగా 5 అంగుళాలు, అంటే 127 మిల్లీమీటర్లే దిగుతుంది. మన బెజ్జం 160. కాబట్టి మధ్యలో ఎప్పుడో ‘నీ’ (knee), అంటే టేబుల్‌ను మోస్తూ పైకీ కిందికీ కదిలే భాగం, పైకెత్తక తప్పదు. పొట్టి బిట్టు తీసి పొడవుది పెట్టడానికీ ‘నీ’ కిందికి దించాల్సిందే. క్విల్ కదిలే దారి, ‘నీ’ కదిలే దారి సమాంతరంగా లేకపోతే, ఎత్తిన ప్రతిసారీ దిమ్మె బిట్టు కింద పక్కకు జరుగుతుంది.

దాన్ని ఇలా చూడాలి. టేబుల్ మీద మంచి మూలమట్టం నిలబెట్టి, క్విల్‌కు డయల్ గేజ్ బిగించి, ముందు క్విల్‌ను కిందికి దించుతూ ముల్లును గమనించండి. తర్వాత క్విల్‌ను కదలనివ్వకుండా ‘నీ’ ఎత్తుతూ మళ్లీ చూడండి. ఎడమ కుడి ఒకసారి, ముందు వెనక ఒకసారి. హెడ్డు సరిగ్గా పెట్టామా లేదా అని టేబుల్ మీద డయల్ తిప్పి చూడటం అందరూ చేస్తారు. 300 మిల్లీమీటర్ల వృత్తంలో 0.06 తేడా వస్తే, 160 లోతుకు బెజ్జం 0.03 పైచిలుకు ఓరగా దిగుతుంది. కానీ ‘నీ’ గిబ్బులు, అంటే అది జారే దారిలో వదులు లేకుండా పట్టి ఉంచే పట్టీలు, వదులుగా ఉంటే ఆ పరీక్షలో బయటపడదు. ఈ పరీక్షలోనే దొరుకుతుంది.

స్టబ్‌తో 25 మిల్లీమీటర్లు దిగాం. ‘నీ’ దించి, బిగించాను. ఇప్పుడే పొడవు బిట్టు పెట్టేయను. బెజ్జంలో బిగుతుగా ఒక 8 మిల్లీమీటర్ల పిన్ను దిగేసి, బిట్టును తిప్పే స్పిండిల్‌కు డయల్ కట్టి పిన్ను చుట్టూ తిప్పుతున్నాను. ముల్లు కొద్దిగా కదిలింది, చూశారా? ‘నీ’ దిగినప్పుడు దిమ్మె జరిగింది. హ్యాండిళ్లతో సరిచేసి, టేబుల్ రెండు వైపులా లాక్ చేశాను.

పొడవు బిట్టు కొనేటప్పుడు మొత్తం పొడవు చూసి మోసపోవద్దు, గాడి పొడవు చూడండి. గాడి మొత్తం బెజ్జంలో మునిగిపోతే చిప్స్, అంటే కోసిన లోహపు తురుము, పైకి వచ్చే దారి మూసుకుపోతుంది. మామూలు 8 మిల్లీమీటర్ల బిట్టుకు గాడి 75 మాత్రమే. పైపూత విషయంలోనూ ఒక మాట. అంగడివాడు ఖరీదైనదని టైటానియం అల్యూమినియం నైట్రైడ్ పూత బిట్టు ఇస్తే వద్దనండి. స్టీలుకు అది బంగారం, అల్యూమినియం మాత్రం దానికి అతుక్కుంటుంది. పూత లేకుండా గాడి నున్నగా పాలిష్ చేసిన హైస్పీడ్ స్టీల్ బిట్టు చాలు.

పొడవు బిట్టును గాల్లో ఎప్పుడూ వేగంగా తిప్పకూడదు, కొరడాలా ఊగుతుంది. 300 ఆర్‌పీఎం దగ్గర బెజ్జంలోకి దింపి, అడుగు దాకా వచ్చాక వేగం పెంచాను. నిమిషానికి 75 మీటర్ల కోత వేగం లెక్కన 8 మిల్లీమీటర్లకు 3000 ఆర్‌పీఎం వస్తుంది. ఇంత పొడవుకు నేను దాంట్లో సగమే వాడతాను. ఫీడ్, అంటే బిట్టును కిందికి నొక్కే వేగం, మాత్రం మరీ తగ్గించను. బెదురుతూ నెమ్మదిగా నొక్కితే అంచు కోయడం మానేసి రుద్దుతుంది. అల్యూమినియం వేడెక్కి అంచుకు అతుక్కునేది అప్పుడే.

మొదట్లో 8 మిల్లీమీటర్లకొకసారి, 100 దాటాక 4 మిల్లీమీటర్లకొకసారి బిట్టును పూర్తిగా బయటికి తీస్తున్నాను. కొంచెం ఎత్తి మళ్లీ దించితే చిప్స్ తెగుతాయి, బయటికి మాత్రం రావు. బయటికి తీసిన ప్రతిసారీ వేగం తగ్గించి, స్పిండిల్ ఆపి, బ్రష్‌తో గాడి శుభ్రం చేసి, కిరోసిన్ పోయాలి. కిరోసిన్ మండుతుంది, నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు. చేతికి గ్లౌజులు వద్దే వద్దు. తిరిగే చిప్స్ వాటిని పట్టి చేతినే లాగేస్తాయి.

ఈ శబ్దం వినండి. ఇప్పటిదాకా బరబరమన్నది మందంగా మారి, లివరు చేతికి కాస్త బరువెక్కింది. చిప్స్ గాడిలో బిగుస్తున్నాయి. ఇంకో రెండు మిల్లీమీటర్లు చూద్దాం అనుకుంటే బిట్టు లోపలే ఉండిపోతుంది. వెంటనే పైకి తీశాను. చూడండి, గాడి చివర వెండి రేకులా అతుక్కున్నది అదే.

కింద తేలింది. ఇక కొలత. బెజ్జం రెండు చివర్లా పిన్ను పెట్టి, దిమ్మె ఆధార ముఖం నుంచి పిన్ను దాకా దూరం చూస్తాను. పక్క ముఖం నుంచి మరోసారి. పైకీ కిందికీ వచ్చిన తేడాయే వంకర. దాన్ని రీమర్‌తో తీసేద్దామనుకోకండి. రీమర్ సైజును సరిచేస్తుంది, దారిని మార్చదు. ఈ లోతులో, ఈ సన్నదనంలో, లోపలి గోడను కోసి దారి సరిచేసే బోరింగ్ బారు కూడా పనికిరాదు.

నూనె, నీరు పోయే దారి అయితే రెండు వైపుల నుంచి 80 చొప్పున వేయడం నయం. అదే ముఖాన్ని వైస్ కదలని దవడకే ఆనించి తిప్పితే మధ్యలో చిన్న మెట్టు వస్తుంది, ప్రవాహానికి అడ్డు రాదు. షాఫ్టు దూరాల్సిన బెజ్జమైతే కుదరదు.

300 మిల్లీమీటర్ల లోతు అడిగితే మిల్లింగ్ మెషీన్ జోలికే పోను. గుండ్రని కడ్డీ అయితే లేత్ మీదికి ఎక్కిస్తాను, పని తిరుగుతూ బిట్టు నిలకడగా ఉంటే బెజ్జం మరింత తిన్నగా వస్తుంది. దిమ్మె అయితే తుపాకీ గొట్టాల కోసం పుట్టిన గన్ డ్రిల్ ఉన్న చోటికి పంపుతాను. దాంట్లో నూనె బిట్టు లోపలి నుంచే ఒత్తిడితో వెళ్లి చిప్స్‌ను బయటికి తోసుకొస్తుంది. ఏ పద్ధతిలో వేయించినా దిమ్మెను నాలుగు పక్కలా కొంచెం పెద్దదిగానే ఉంచి, బెజ్జం పూర్తయ్యాక దానికి సూటి కడ్డీ దూర్చి, ఆ కడ్డీకి సమాంతరంగా ముఖాలు మిల్ చేస్తాను.