మూడో పీరియడ్ పాడ్‌కాస్ట్: డెన్మార్క్ కొట్టిన దెబ్బ, స్విస్ వాళ్ళ వెండి, మళ్ళీ గిరన్న ఉప్పునీళ్ళు

సురేంద్ర: అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి సురేంద్ర. చిత్తూరు నుంచి మన కోల్డ్ స్టోరేజీ గిరన్న ఫోన్లో ఉన్నాడు, లావణ్య నా ఎదురుగానే కూర్చుంది. ముందే చెప్పేస్తున్నా, ఈ వారం మొత్తం 2025 ఐసు హాకీ ప్రపంచ చాంపియన్‌షిప్ గురించే. స్టాక్‌హోమ్, హెర్నింగ్, ఫైనల్, వచ్చే ఏడాది స్విట్జర్లాండ్. తిరుపతిలో ఐసు మైదానం, దాని కింద ఉప్పునీళ్ళు, అలాంటి వేరే మాట లేదు.

లావణ్య: వేరే మాట లేదని ఎవరికి చెప్తున్నావన్నా?

సురేంద్ర: వినాల్సినవాళ్ళు వింటున్నారు.

గిరి: వింటున్నా, వింటున్నా. మొదలుపెట్టప్పా.

సురేంద్ర: ముందు గాలిగోపురం పందెం. కెనడా ఓడితే తిరుమల మెట్లు ఎక్కుతానన్నాను కదా. మెసేజీలు పెట్టిన అందరికీ ఒకటే జవాబు. ఎక్కుతాను. మాటంటే మాటే.

లావణ్య: మోకాళ్ళ మీదా?

సురేంద్ర: మోకాళ్ళ పర్వతం దాకా లేదమ్మా పందెం, గాలిగోపురం వరకే. సరే, డెన్మార్క్. క్రాస్బీ ఉన్నాడు, మెకినన్ ఉన్నాడు, అంత పెద్ద ఆటగాళ్ళున్న కెనడా క్వార్టర్ ఫైనల్లో డెన్మార్క్ చేతిలో పోయింది. కెనడా 1-0తో ముందుంది. ఇంకో రెండు నిమిషాల చిల్లర మిగిలిందనగా డెన్మార్క్ ఆటగాడు ఏలర్స్ సమం చేశాడు. సరే, ఓవర్‌టైమ్‌కి పోతుంది అనుకుంటున్నా. 49 సెకన్లు ఉందనగా నిక్ ఓలెసన్ కొట్టాడు. అయిపోయింది.

లావణ్య: నేను హాస్టల్లో చూస్తున్నా. అందరూ నిద్రలో ఉన్నారు. దుప్పటి నోట్లో కుక్కుకుని అరిచాను. ఆ హెర్నింగ్ ఉంది చూడండి, అసలు పెద్ద ఊరు కాదు. సొంత ఊళ్ళో, సొంత జనం ముందు, కెనడాని! వాళ్ళ గోల్‌కీపర్ డికౌ అయితే ముప్పైకి పైగా షాట్లు ఆపాడు. ఆ గోలు పడ్డాక మిగిలిన 49 సెకన్లే నాకు అన్నిటికంటే పొడుగ్గా అనిపించాయి.

గిరి: డెన్మార్క్ జనాభా ఎంత? 60 లక్షలు. మన పాత చిత్తూరు జిల్లా 2011 లెక్కల్లోనే 41 లక్షలు దాటింది.

సురేంద్ర: అన్నా, జిల్లా లెక్కలు ఇప్పుడెందుకు?

గిరి: ఎందుకంటే జనం లెక్క కాదు, రింకులు లెక్క, అంటే ఐసు మైదానాలు. వాళ్ళకి ఐసు ఉంది, మనకి లేదు. అంతకుమించి తేడా ఏమీ లేదు.

లావణ్య: వచ్చేసింది.

సురేంద్ర: రాలేదు, రానివ్వను. ఫైనల్‌కి వెళ్దాం. స్విట్జర్లాండ్, అమెరికా. అరవై నిమిషాలు సున్నా సున్నా. ఓవర్‌టైమ్‌లో టేజ్ థాంప్సన్ ఒక్క షాట్. 1933 తర్వాత అమెరికా ప్రపంచ చాంపియన్‌షిప్ గెలవడం ఇదే, 1960 ఒలింపిక్స్‌ది వేరే లెక్క అనుకోండి. స్విస్ వాళ్ళకేమో 2013, 2018, 2024, ఇప్పుడు 2025. నాలుగు ఫైనళ్ళు, నాలుగూ వెండే. వాళ్ళ గోల్‌కీపర్ జెనోని టోర్నీలో బెస్ట్ ప్లేయర్, అయినా చేతికి వెండే. నా కడుపు మండేది ఎక్కడంటే, బంగారం కోసం ఆడే మ్యాచ్‌ని ముగ్గురు ముగ్గురితో తేల్చడం! అరవై నిమిషాలు ఐదుగురు ఐదుగురు ఆడి, చివరికి ఆటే మార్చేస్తే ఎలా?

లావణ్య: నాకు నచ్చుతుందన్నా. ఐసు ఖాళీగా ఉంటుంది, పరుగు ఉంటుంది, తప్పు చేస్తే దాక్కోడానికి చోటు ఉండదు.

సురేంద్ర: లీగ్ మ్యాచ్‌లకి పెట్టుకోమను. ఫైనల్‌కి వద్దు. అమెరికా, కెనడాల లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో, స్టాన్లీ కప్ ప్లేఆఫ్స్‌లో ఐదుగురితోనే తెల్లారేదాకా ఆడిస్తారు కదా.

లావణ్య: గెలిచాక, చనిపోయిన అమెరికా ఆటగాడు గాడ్రో జెర్సీ పట్టుకుని ఫోటో దిగారు చూశావా, 13 నంబరు.

సురేంద్ర: చూశాను. అన్నదమ్ములిద్దరూ ఒకే రాత్రి పోయారు 2024 ఆగస్టులో. ఆ జెర్సీ చూశాక నాకు అమెరికా మీద కోపం మిగల్లేదు.

గిరి: ఒకటి అడుగుతా. ఇరవై నిమిషాల పీరియడ్ చివరికొచ్చేసరికి పక్, అదే ఆ రబ్బరు బిళ్ళ, ఎగిరెగిరి పడుతుంది, చూస్తుంటావు కదా? ఎందుకో తెలుసా?

సురేంద్ర: ఐసు గీసుకుపోయి.

గిరి: గీసుకుపోయి, పైపొర మెత్తబడి. అందుకే పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్యలో జంబోనీ వస్తుంది, ఐసు నునుపు చేసే బండి. అది పోసేది ఏం నీళ్ళు? వేడినీళ్ళు. చన్నీళ్ళలో గాలి ఎక్కువ ఉంటుంది. మా ఐసు ఫ్యాక్టరీ దిమ్మ చూశారా ఎప్పుడైనా? అంచులు అద్దంలా ఉంటాయి, నడుమ పాలలాగా తెల్లగా ఉంటుంది. ఆ తెలుపంతా గాలే. గడ్డ కట్టేటప్పుడు గాలి లోపలికి నెట్టుకుంటూ పోయి నడుమ చిక్కుకుంటుంది. రింకులో అట్ల కాకూడదని పల్చగా పొర మీద పొర పోస్తారు. మొత్తం కలిపి మందం మూడు సెంటీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది చాలాచోట్ల.

లావణ్య: అంతేనా? నేను అడుగు మందం అనుకున్నా.

గిరి: మందం పెరిగేకొద్దీ కింద చల్లదనం పైకి రాదమ్మా, పైపొర మెత్తబడుతుంది. కిందంతా పైపులు, పైపుల్లో ఉప్పునీళ్ళు...

సురేంద్ర: వచ్చాయి ఉప్పునీళ్ళు.

గిరి: రావాల్సిందే! లేదా గ్లైకాల్ కలిపిన నీళ్ళు. మైనస్ తొమ్మిది, పది దగ్గర తిరుగుతుంటుంది. పైన ఐసు మైనస్ ఐదు. అమ్మోనియా కంప్రెసర్, కండెన్సరు, ఉప్పునీళ్ళ పంపు. నేను రోజూ చూసేది ఇదే సామాను. మా కోల్డ్ స్టోరేజీలో చింతపండు చల్లగా ఉంటుంది, వాళ్ళ దగ్గర నేల చల్లగా ఉంటుంది. తిరుపతిలో రింకు నడవదు అని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

సురేంద్ర: ఎవరూ అనలేదు.

గిరి: నువ్వే అన్నావు, పోయిన నెలలో. "42 డిగ్రీల ఊళ్ళో ఐసు హాకీ ఏందన్నా" అన్నావు.

సురేంద్ర: అన్నాను, ఇప్పుడూ అంటున్నా. నడవదని కాదు, నడిపేదెవరని. కరెంటు బిల్లు ఎవరు కడతారు? చూడ్డానికి ఎవరొస్తారు? ఈ ఊళ్ళో మనం ముగ్గురం, ఇంకో పది మంది.

గిరి: అరిజోనా ఎడారి కాదా? ఎన్‌హెచ్‌ఎల్ స్టార్ ఆస్టన్ మాథ్యూస్ పెరిగిందెక్కడ? స్కాట్స్‌డేల్‌లో. బయట మనకంటే ఎక్కువ ఎండ. చిన్నప్పుడు అక్కడి జట్టు కయోటీస్ మ్యాచ్‌లు చూసి స్కేట్స్ కట్టుకున్నాడు. కొత్తవాళ్ళని ఎంచుకునే డ్రాఫ్టులో మొదటి పేరు వాడిదే. ఫ్లోరిడా పాంథర్స్ 2024లో కప్పు ఎత్తారు, 2025లో మళ్ళీ ఫైనల్‌కి వచ్చారు. 2023లో వేగస్. ఎండ ఊళ్ళు కావా ఇవన్నీ?

సురేంద్ర: కయోటీస్ చివరికి ఊరొదిలి యూటా పోయారు కదన్నా, అది కూడా చెప్పు.

గిరి: స్టేడియం లేక పోయారు, ఎండకి కాదు!

సురేంద్ర: డబ్బుంది అక్కడ. డబ్బుంటే ఎడారిలో ఏదైనా చేస్తారు.

గిరి: ఫిలిప్పీన్స్‌లో డబ్బుందా? మనీలాలో మాల్‌లో రింకు పెట్టారు. 2017 సౌత్ ఈస్ట్ ఏషియన్ గేమ్స్‌లో మొదటిసారి ఐసు హాకీ పెడితే బంగారం వాళ్ళదే. అక్కడ మంచు ఎప్పుడన్నా పడిందా? మలేషియాలో? థాయిలాండ్‌లో? అందరూ మాల్‌లో నేర్చుకున్నవాళ్ళే.

లావణ్య: గిరన్నా, చెమ్మ సంగతేంటి? మన దగ్గర విపరీతంగా ఉక్కపోత. ఐసు మీద పొగమంచు పట్టదా?

గిరి: ఇదీ ప్రశ్నంటే. పడుతుంది. బయటి గాలి లోపలికొచ్చిందంటే ఐసు మీద తెల్లగా కమ్మేస్తుంది, పక్ కనపడదు. అందుకే తలుపులు రెండేసి ఉండాలి, గాల్లో చెమ్మ లాగేసే మిషను ఉండాలి. నిజానికి ఖర్చంతా ఐసు చేయడంలో కాదు, ఆ చెమ్మతో కొట్లాడటంలో ఉంటుంది. నేల కింద కూడా మందంగా ఇన్సులేషన్ వేసి, దాని కింద కాస్త వెచ్చగా ఉంచాలి. లేదంటే మట్టి గడ్డకట్టి ఉబ్బి ఫ్లోరు పగులుతుంది.

సురేంద్ర: నువ్వే చెప్తున్నావు, ఇంత కష్టమని.

గిరి: కష్టమన్నాను, కుదరదన్లేదు. జంబోనీ కనిపెట్టిన ఫ్రాంక్ జంబోనీ ఎవరనుకున్నావు? ఐసు దిమ్మల వ్యాపారి! కాలిఫోర్నియాలో. ఇళ్ళల్లోకి ఫ్రిజ్‌లు వచ్చి దిమ్మలు కొనేవాళ్ళు తగ్గిపోతే, చేతిలో ఉన్న పనితోనే 1940లో రింకు తెరిచారు అన్నదమ్ములు. ఎండ ఊరే అది కూడా. తొమ్మిదేళ్ళకి ఆ బండి తయారుచేశాడు.

సురేంద్ర: ఇది మాత్రం నాకు తెలీదన్నా.

గిరి: మా నాయన ఐసు ఫ్యాక్టరీలోనే చేశాడప్పా. క్యాన్లలో నీళ్ళు పోసి ఉప్పునీళ్ళ తొట్టిలోకి దించడం, గట్టిపడ్డాక క్రేనుతో లేపి మామూలు నీళ్ళలో ఒక ముంచు ముంచి దిమ్మ జారవిడవడం. కంప్రెసరు చప్పుడు విని ఎక్కడ తేడా ఉందో చెప్పేవాడు. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అట్లాంటి పని తెలిసినవాళ్ళు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు, కోల్డ్ స్టోరేజీల్లో, పాల చిల్లింగ్ సెంటర్లలో. ఐసు చేయడం మనకి రాని విద్య కాదని చెప్పడానికే నేను ప్రతి వారం గొంతు చించుకుంటున్నా. మీరేమో ఉప్పునీళ్ళు, ఉప్పునీళ్ళు అని...

సురేంద్ర: ఎగతాళి కాదన్నా.

గిరి: సరేలే.

లావణ్య: నేను ఒకటి చెప్పనా? కోప్పడొద్దు మీరు. రింకు కట్టగలమని నేనూ నమ్ముతా. కానీ మొదటిది ఇక్కడ కాదు. మన ఆడపిల్లలు 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో ఆసియా కప్ కంచు తెచ్చారు. మన మహిళల జట్టుకి అంతకుముందెప్పుడూ పతకం లేదు. 2016లో మొదటిసారి బయటకెళ్ళారు, చందాలేసుకుని. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్ మీద 4-3, అది మొదటి గెలుపు. ఎక్కువమంది లదాఖ్ పిల్లలే. గడ్డకట్టిన చెరువు మీద నేర్చుకున్నవాళ్ళు.

సురేంద్ర: లేహ్‌లో ఇప్పుడు రింకు ఉంది కదా, ఎన్.డి.ఎస్. స్టేడియంలో.

లావణ్య: ఉంది, మంచిదే. కానీ ఏడాది పొడుగునా ఆడటానికి దేశంలో ఎన్ని రింకులున్నాయి? డెహ్రాడూన్‌లో 2011లో కట్టి ఎన్నో ఏళ్ళు మూసిపెట్టి, 2025లో గానీ మళ్ళీ తెరవలేదు. గురుగ్రామ్ మాల్‌లో ఉన్నది చిన్నది. చెరువుల మీద చలికాలం రెండు నెలలే ఐసు, అది కూడా ఏడాదికేడాది ఆలస్యంగా గట్టిపడుతోంది. ఆ పిల్లలు మిగతా పది నెలలు ఏం చేయాలి? మలేషియా అమ్మాయికి మాల్‌లో రోజూ ఐసు దొరుకుతుంది, హిమాలయాల్లో పుట్టిన అమ్మాయికి దొరకదు. నాకు దీన్ని తలుచుకుంటే నిద్ర పట్టదన్నా.

గిరి: ఆ మాట నిజం.

లావణ్య: అందుకే అంటున్నా, మీకు తెలిసిన పని అక్కడికి కావాలి. మెకానిక్కులు కావాలి. కట్టడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. డెహ్రాడూన్‌లో జరిగింది అదే కదా.

గిరి: నడపడమే అసలు పని. కంప్రెసరు ఆపిన రోజు నుంచే పాడవడం మొదలు. సీల్ ఎండిపోద్ది, పైపుల్లో తుప్పు... పిలిస్తే వెళ్తానమ్మా నేను. ఈ మామిడి సీజను అయిపోనీ.

సురేంద్ర: గిరన్న లేహ్‌లో! చలికి తట్టుకుంటావా?

గిరి: నేను పనిచేసేదే కోల్డ్ రూములో.

సురేంద్ర: అది కూడా పాయింటే. సరే, టైము లేదు, రోలర్ హాకీ గురించి ఒక మాట. మనకి ఐసు లేకపోయినా చక్రాలున్నాయి. హైదరాబాద్ అబ్బాయి అనూప్ కుమార్ యామ 2010 ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కంచులు తెచ్చాడు. బ్యాలెన్సు, మలుపులు, అన్నీ కాళ్ళలో ముందే ఉంటాయి. ఐసు మీదకి వచ్చాక బ్రేకు వేయడం కొత్తగా నేర్చుకోవాలి, అంతే. తిరుపతిలో స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు ఎంతమంది! వాళ్ళకి కర్రలిచ్చి చూడండి.

లావణ్య: ఇది నువ్వు మొదట్లో చెప్పుంటే గిరన్నతో అంత గొడవ ఉండేది కాదు.

సురేంద్ర: గొడవేం లేదు. వచ్చే ఏడాది, అంటే 2026 సంగతి రెండు ముక్కల్లో. ఫిబ్రవరిలో మిలాన్ ఒలింపిక్స్, 2014 సోచీ తర్వాత మళ్ళీ ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్ళొస్తున్నారు. మే నెలలో ప్రపంచ చాంపియన్‌షిప్ జ్యూరిక్, ఫ్రీబర్గ్‌లలో. స్విస్ వాళ్ళ సొంత గడ్డ. ఫ్రాన్స్, కజకిస్తాన్ కింది డివిజన్‌కి దిగాయి, బ్రిటన్, ఇటలీ పైకొచ్చాయి. గిరన్నా, స్విస్ వాళ్ళకి ఈసారైనా బంగారం వస్తుందా?

గిరి: ఓవర్‌టైమ్‌కి పోకుండా గెలిస్తే వస్తుంది.

సురేంద్ర: చూశారా, నా పార్టీలోకి వచ్చాడు.

గిరి: నీ పార్టీ కాదప్పా. ముగ్గురు ముగ్గురు ఆడితే ఐసు తక్కువ గీసుకుపోతుంది, అది మంచిదే నా లెక్కలో...

లావణ్య: మళ్ళీ ఐసే!

గిరి: ఆగండాగండి, ప్లాంటు నుంచి ఫోను. రెండో కంప్రెసరు ట్రిప్పయిందట. వెళ్ళాలప్పా నేను.

సురేంద్ర: వెళ్ళు, వెళ్ళు. ముగ్గురు ముగ్గురు గురించి వచ్చే వారం...

లావణ్య: వచ్చే వారం నాకు పరీక్షలన్నా.

సురేంద్ర: ఎప్పుడు? శనివారం కూడానా?