భూమియందును

శ్రోతలకు నమస్కారం.

"ప్రార్థన చేసుకునే మనిషికి ఊరేగింపులెందుకు, రాజకీయాలెందుకు?" ఈ మాట చాలాసార్లు విన్నాను. అనేవాళ్లు మంచివాళ్లే. పార్టీల గొడవ చర్చిలోకి రాకూడదని వాళ్ల బాధ. ఒక పార్టీ జెండాను దేవుడి చేతికిచ్చి నిలబెట్టడం నాకూ నచ్చదు.

కానీ యేసు నేర్పిన ప్రార్థనను ఒకసారి నెమ్మదిగా చెప్పి చూడండి. "నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరును గాక." చిన్నప్పుడే కంఠతా వచ్చేసిన మాటలు. ఆ "భూమియందును" దగ్గర నేను ఏళ్ల తరబడి ఆగనే లేదు. ఆగి చూస్తే కూలి, కోర్టు, జైలు, ఆకలి అన్నీ అందులోనే ఉన్నాయి.

విసుగక ప్రార్థించాలని చెప్పడానికి యేసు ఎవరి కథ ఎత్తుకున్నాడు? న్యాయాధిపతి గడప అరిగేలా తిరిగి, "నాకు న్యాయం తీర్చు" అని అడిగిన విధవరాలి కథ. లూకా సువార్త 18వ అధ్యాయంలో ఉంది.

అలాగని మోకరించిన ప్రతివాడూ న్యాయం పక్షాన నిలబడలేదు. బానిసల్ని కొన్నవాళ్లూ ప్రార్థన చేశారు. అలాంటి చేతుల గురించే యెషయా ప్రవక్త, "మీరు బహుగా ప్రార్థన చేసినను నేను వినను" అన్న దేవుడి మాట వినిపించాడు. ఆ వెంటనే వచ్చే ఆజ్ఞ, విధవరాలి పక్షాన వాదించమని.

1956 జనవరి. అమెరికాలోని మాంట్‌గొమరీలో బస్సుల్లో వర్ణ వివక్షకు నిరసనగా నల్లజాతి ప్రజలు బస్సులెక్కడం మానేసి రెండో నెల నడుస్తోంది. రాత్రి పొద్దుపోయాక ఆ ఉద్యమాన్ని నడిపిస్తున్న పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ ఇంటికి బెదిరింపు ఫోన్ వచ్చింది. ఆయనకప్పుడు 27 ఏళ్లు. ఇంట్లో భార్య, నెలల పాప. నిద్ర పట్టక కాఫీ పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఎలా తప్పుకోవాలా అని ఆలోచిస్తూనే తల వంచి, భయంగా ఉందని, బలం అయిపోయిందని పైకే చెప్పుకున్నారు. కొద్ది రోజులకే ఆ ఇంటి మీద బాంబు పడింది. కోపంతో చేరిన జనాన్ని ఆయనే శాంతపరిచి పంపారు. ఆ వంటింట్లో భయం గురించి దేవుడితో నిజం చెప్పుకున్న మనిషి కాబట్టే బయట ద్వేషం లేకుండా నిలబడగలిగారని నేను నమ్ముతాను. బస్సుల బహిష్కరణ 381 రోజులు సాగింది.

మరో చోటు, అప్పట్లో కమ్యూనిస్టు పాలనలో ఉన్న తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ నగరం. అక్కడి సెయింట్ నికోలస్ చర్చిలో 1982 నుంచి సోమవారం సాయంత్రాల్లో శాంతి ప్రార్థనలు జరిగేవి. మొదట్లో కొద్దిమందే. తర్వాత ఆ ప్రార్థనల నుంచే ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఊరేగింపులు మొదలయ్యాయి. 1989 అక్టోబర్ 9 నాటికి వీధుల్లో పోలీసులు సిద్ధంగా ఉన్నారు, కాల్పులు తప్పవని అందరికీ టెన్షన్. ప్రార్థన ముగించి బయటికి వచ్చినవాళ్లతో నగరం కలిసింది, సుమారు 70,000 మంది. చాలామంది చేతుల్లో కొవ్వొత్తులు. ఆ చర్చి పాస్టరు క్రిస్టియాన్ ఫ్యూరర్ తర్వాత ఒక విషయం చెప్పేవారు: కొవ్వొత్తికి రెండు చేతులూ కావాలి, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి గాలికి ఆరిపోకుండా అడ్డు పెట్టడానికి. ఇక రాయి పట్టుకునే చెయ్యేది?

ఆ రాత్రి తుపాకీ పేలలేదు. సరిగ్గా నెలకు, తూర్పు, పశ్చిమ బెర్లిన్‌లను విడదీసిన బెర్లిన్ గోడ తెరుచుకుంది. దానికి వేరే కారణాలూ చాలా ఉన్నాయి. గోడ పోయాక కూడా ఆ చర్చిలో సోమవారం ప్రార్థన మాత్రం ఆపలేదు.

సెలవు.